తెల్లారేసరికి బరువెక్కిన విల్లు

ఆర్విల్ విల్లు అరవై అయిదు పౌండ్లు. ఆ లోయలో ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు. ఎవరైనా కొత్తవాళ్ళు తగిలితే ఆర్విల్ వాళ్ళని కాఫీకి కూర్చోబెట్టి మరీ చెప్పేవాడు. అది కాటా మీద పెడితే వచ్చే బరువు కాదు. అల్లెతాడుని నోటి మూలదాకా లాగితే చేతికి తెలిసే బరువు. అరవై అయిదు పౌండ్ల మూటని మూడు వేళ్ళతో ఎత్తి, లేడి పక్కకి తిరిగేదాకా ఊపిరి బిగబట్టి నిలబడాలన్నమాట. పెళ్ళయిన ఏడు కంచె గట్టు మీది, విళ్ళకి పెట్టింది పేరైన బోడార్క్ చెట్టొకటి కొట్టి, ఆ కర్రతో తనే చేసుకున్నాడు. అప్పుడు ఇరవై తొమ్మిదేళ్ళవాడు, ఇప్పుడు డెబ్భై ఒకటి. పిడికి పైన సిరాతో వేసుకున్న 65 మాత్రం చెక్కుచెదరలేదు. పట్టిన కుందేటికి మూడే కాళ్ళన్నట్టు అక్కడే కూర్చుంది.

ఆ అంకె అబద్ధమని ఆయన పెళ్ళాం లీథాకి తెలిసి మూడేళ్ళయింది.

వంటింటి కిటికీలోంచి చూస్తే షెడ్డు వెనక గడ్డిమోపు కనపడుతుంది. సాయంత్రం పూట ఆర్విల్ దానికి బాణాలు వేస్తాడు. నలభై ఏళ్ళుగా గిన్నెలు తోముతూ ఆమె చూస్తున్న బొమ్మ అదే. ఎడమ చెయ్యి చాచి, తల నిటారుగా పెట్టి నిలబడితే కుడిచెయ్యి మెల్లగా వెనక్కొచ్చి నోటి మూలన ఆగేది. మూడేళ్ళ కింద ఒక సాయంత్రం ఆ బొమ్మలో ఏదో తేడా కొట్టింది. ఆమె చేతిలో గిన్నె అలాగే పట్టుకుని చూసింది. చెయ్యి నోటిదాకా రావడం లేదు. నాలుగు వేళ్ళ ఇవతలే ఆగిపోతోంది. ఆగిన చెయ్యి దగ్గరికి నోరే వెళ్తోంది. తాబేలు తల బయటపెట్టినట్టు మెడ ముందుకి సాచి, చెయ్యి ఎక్కడుంటే అక్కడికి మూతి తీసుకెళ్ళి ఆనిస్తున్నాడు. వేలు నోటి మూలకి తగిలింది కదా అని బాణం వదిలేస్తున్నాడు. ఆ నాలుగు వేళ్ళ దూరంలో పది పౌండ్ల పైనే కొట్టుకుపోతున్నాయి.

చెబుదామనుకుంది. భుజం నొప్పేమో, ఎండాకాలానికి తగ్గుతుందిలే అనుకుంది. ఎండాకాలం వచ్చింది, పోయింది, మెడ ఇంకో వేలెడు సాగింది. రెండో ఏడు కూడా నోటిదాకా వచ్చిన మాటని మింగేసింది. మగవాడి విల్లు గురించి మాట్లాడటం ఆ కొండల్లో మగవాడి గురించి మాట్లాడటమే. పైగా ఆర్విల్ మనసు నొప్పించడం ఆమెకి చేతకాని పని. ఆ ఒక్క చేతకానితనం వల్లే పోయినేడు అంత జరిగింది.

పోయినేడు నవంబరులో వాగు ఒడ్డున ఒక లేడి వచ్చి నిలబడింది. ఇరవై అడుగులు. ఆ దూరంలో ఆర్విల్ గురి తప్పడం ఎవరూ ఎరగరు, ఆ రోజూ పెద్దగా తప్పలేదు. కానీ బాణంలో సత్తువ లేదు. పక్కటెముక మీద పడి సగమే దిగింది. లేడి బాణంతో సహా పోయింది. ఇద్దరూ రెండు రోజులు వెతికారు. రాలిన ఎర్రటి ఓక్ ఆకుల్లో నెత్తుటి చుక్కని పట్టడం లీథా కళ్ళకే చేతనవుతుంది. మోకాళ్ళ మీద పాకుతూ ఆకు తర్వాత ఆకు తిరగేసింది. రెండో రోజు మధ్యాహ్నం వాన మొదలై అన్ని ఆకుల్నీ ఒక్క రంగు చేసేసింది.

ఆర్విల్ ఇంటికొచ్చి విల్లుని షెడ్డులో కొక్కేనికి తగిలించాడు. తర్వాత వరండాలో ఊగుడు కుర్చీలో కూర్చున్నాడు. చలికాలమంతా కూర్చున్నాడు, పూలు పూసే రోజులూ కూర్చున్నాడు. ఆ లోయలో కుర్చీలో కూర్చున్న మగవాళ్ళు ఎక్కువ కాలం కూర్చోరు. లీథా తండ్రి అలాగే కూర్చుని రెండేళ్ళలో వెళ్ళిపోయాడు. ఆమె భయమంతా అదే.

మధ్యాహ్నాలు ఆ కుర్చీలోనే కునుకు తీసేవాడు. లేచాక కాఫీ తాగుతూ కల చెప్పేవాడు.

"మళ్ళీ వచ్చింది."

"లేడేనా?"

"ఆ. ఇదిగో, ఈ మెట్టు దగ్గర నిలబడింది. బాణం దానికే ఉంది. దానికేం నొప్పున్నట్టు లేదు లీథా. పూలకుండీలోంచి ఒక ఆకు కొరికి నమిలింది. నమిలి నా వంక చూసింది."

"కోపంగానా?"

"లేదు. అదే బాధ."

సెప్టెంబరు చివర్లో ఒకనాడు మధ్యాహ్నం లీథా కూడా వంటింటి బల్ల మీద తలపెట్టి నిద్రపోయింది. బీన్స్ కుండ సన్నగా ఉడుకుతోంది. ఆ చప్పుడు వాగు చప్పుడైంది, ఆవిరి పొగమంచైంది. పొగమంచులోంచి లేడి వచ్చి కిటికీకి అవతల నిలబడింది, ఆమె రోజూ గిన్నెలు తోముతూ చూసే చోట. ఆర్విల్ వంక చూసినట్టు ఆమె వంక చూడలేదు అది. పొరుగావిడ చూసినట్టు చూసింది. నీకు తెలుసు కదమ్మా అన్నట్టు. మాట అనలేదు, పెదవీ కదల్లేదు, కానీ లీథా లేచేసరికి ఆమె చెంపలు తడిగా ఉన్నాయి. బీన్స్ అడుగంటాయి.

ఆ కల ఆమె ఎవరికీ చెప్పలేదు. ఇక ఊరుకుంటే మాత్రం తప్పు అనుకుంది.

అదృష్టమో గ్రహచారమో, ఆ వారమే ఆమె తమ్ముడు హోబర్ట్ వచ్చాడు. అరవై నాలుగేళ్ళు, ఎద్దు లాంటి మనిషి, నోటికి తాళం లేనివాడు. తెచ్చిన పర్సిమన్ పళ్ళ బుట్ట వరండాలో దించి, చలికాలం ఎలా ఉంటుందో చెబుతుందని ఒక గింజని చాకుతో నిలువునా చీల్చి చూశాడు. లోపల మొలక గరిటె ఆకారంలో ఉంది.

"గరిటె పడింది బావా. ఈ ఏడు మంచు గరిటెలతో ఎత్తిపోసుకోవడమే. మాంసం దాచుకోకపోతే చలికాలం మా అక్క నిన్నే వండుకు తింటుంది."

"తిననీ. నా మాంసం నీ అంత కొవ్వు కాదు," అన్నాడు ఆర్విల్ కళ్ళు తెరవకుండా.

"పట్నంలో కొత్త రకం విళ్ళొచ్చాయి, చూశావా? రెండు కొసలకీ చక్రాలుంటాయి. బరువు ఎక్కువనిపిస్తే మర తిప్పుకుంటే సరి, దిగిపోతుంది. నీలాంటి పెద్దవాళ్ళ కోసమే చేశార్ట. ఒకటి కొనుక్కోరాదూ?"

ఆర్విల్ కుర్చీ ఊగడం ఆగింది.

"చక్రాలు బండికుంటాయిరా. విల్లుకి చక్రాలు పెట్టుకునేవాడు మంచానికి కూడా పెట్టుకుంటాడు."

"కోపం దేనికి బావా? అరవై అయిదు లాగలేనివాడికి..."

"ఎవడ్రా లాగలేనివాడు?"

హోబర్ట్ అక్క వంక చూశాడు. లీథా చీపురు పుచ్చుకుని నేల వంక చూసింది. గింజ చీల్చిన చాకుని హోబర్ట్ అనవసరంగా రెండుసార్లు తుడిచాడు.

అతను వెళ్ళాక ఆర్విల్ లేచి షెడ్డుకి వెళ్ళాడు. పది నెలల తర్వాత వెళ్ళడం. లీథా వెనకే వెళ్ళింది. ఆయన విల్లు దించి, దుమ్ము తుడిచి, తాడెక్కించాడు. నలభై ఏళ్ళు ఎండా వానా తిని ఆ కర్ర కాఫీ రంగుకి తిరిగింది. తాడెక్కించడానికే ఆయనకి రొప్పు వచ్చింది.

"కొంచెం గీకరాదూ," అంది లీథా. ఎంత మామూలుగా అందామనుకుందో అంత మామూలుగా రాలేదు మాట.

ఆయన చాలాసేపు విల్లునే చూశాడు.

"యాభై అయిదు," అన్నాడు చివరికి. "వయసుకి పది పౌండ్లు ఇస్తా, అంతే. దానికి ఒక్క పౌండు దిగినా అది పిల్లల ఆటవిల్లు. పొయ్యిలో పెట్టెయ్. నేను మళ్ళీ అడవి మొహం చూడను."

విల్లుకి వీపుంటుంది, పొట్ట ఉంటుంది. వేటగాడి వైపుండేది పొట్ట. గీకేది అక్కడే. వీపు జోలికి వెళితే విరుగుతుంది. పొట్టలో ఎంత గీకితే అంత బరువు దిగుతుంది. దిగిన బరువుని ఎక్కించడం మాత్రం దేవుడి తరం కూడా కాదు. చెక్క పోయింది పోయినట్టే. అందుకే ఎవరూ ఒక్కసారిగా గీకరు. ఉక్కు రేకుతో నాలుగు పొరలు తియ్యడం, గోడకి బిగించి తూచడం, మళ్ళీ నాలుగు పొరలు. గోడ మీద విల్లుని అడ్డంగా కొయ్యకి ఆనించి, అల్లెతాడుకి స్ప్రింగు కాటా తగిలించి, కాటాకి తాడు కట్టి కింద గిలకలోంచి లాగుతారు. లాగేవాడు ఎదుటి గోడ దగ్గర నిలబడాలి, రెండు రెక్కలూ ఒక్కలా వంగుతున్నాయో లేదో అక్కణ్ణుంచే తెలుస్తుంది. కాటా అంకె అంత దూరానికి ఆనదు. దాన్ని చదివేది పక్కనున్న మనిషి. ఆ షెడ్డులో మొదటి విల్లు నుంచీ ఆ పక్కనున్న మనిషి లీథానే.

"ఎంత?"

"అరవై రెండు."

"మూడు తినేసిందన్నమాట వయసు," అన్నాడు ఆర్విల్. కూర్చుని విల్లుని ఒళ్ళో పెట్టుకుని రేకు తీశాడు.

మొదటి పొర లేవగానే ఇద్దరూ ఒక్క క్షణం ఆగారు. కాఫీ రంగు కింద పచ్చటి పసుపు. పెళ్ళయిన ఏడు ఈ షెడ్డులోనే చెక్కినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది లోపల. రేకు లాగినప్పుడల్లా పసుపు పొట్టు చుట్టలు చుట్టలుగా లేచి ఆయన మోకాళ్ళ మీద పడింది. తలుపులోంచి వచ్చే ఎండలో ఆ పొట్టు వెలిగింది. లీథాకి కాలం ఎటు నడుస్తోందో కాసేపు తెలియలేదు. ఆయన జుట్టు నల్లగా ఉన్నట్టూ, తను గడప మీద కూర్చుని పాట కూనిరాగం తీస్తున్నట్టూ అనిపించింది. నిజంగానే తీస్తోంది. ఆర్విల్ తలెత్తకుండా నవ్వాడు.

"ఆ పాట నీకెప్పుడూ సరిగ్గా రాదు."

"నీకు వినడం రాదు."

సాయంత్రానికి కాటా యాభై అయిదు చూపించింది. అంతవరకూ ఆమె చదివిన ప్రతి అంకె నిజం. ఆయన విల్లు దించి, బాణం లేకుండా ఊరికే లాగి చూశాడు. చెయ్యి మునుపటి కంటే నయంగానే వచ్చింది. కానీ మూడు వేళ్ళ ఇవతల ఆగింది. మెడ మెల్లగా ముందుకి సాగింది. మూతి చేతికి ఆనింది.

"సరిపోయింది," అన్నాడు ఆర్విల్ సంతోషంగా.

లీథా ఆ మూడు వేళ్ళ దూరాన్నే చూసింది.

ఆమె పొట్టంతా ఊడ్చి సంచీలో పోసింది. వంటలో, పడకలో, పక్కన ఆయన గురక వింటూ అదే ఆలోచన. నిజం చెబితే విల్లు పొయ్యిలోకి పోతుంది. చెప్పకపోతే ఆ విల్లుతోనే అడవికి పోతాడు, ఇంకో లేడి బాణంతో తిరుగుతుంది. అడకత్తెరలో పోకచెక్క అంటే ఇదే కదా అనుకుంది. తెల్లవారుజామున మంచు కురిసింది. కిటికీ అద్దం మీద పేరుకున్న మంచుని చూస్తుంటే ఆమెకి ఒక అబద్ధం తోచింది. చిన్నది, శుభ్రమైనది.

పొద్దున కాఫీ తాగుతూ అంది, "ఒకసారి మళ్ళీ తూచుకోరాదూ. రాత్రి చలికి కర్ర బిగిసిందేమో."

షెడ్డులో ఆయన ఎదుటి గోడ దగ్గర నిలబడి తాడు లాగాడు.

"ఎంత?"

కాటా ముల్లు యాభై అయిదు మీద ఉంది, నిన్న వదిలిన చోటే.

"యాభై ఎనిమిది," అంది లీథా.

ఆర్విల్ తాడు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఆమె కాటా మీంచి కళ్ళు తిప్పలేదు. చెవులు మాత్రం వేడెక్కాయి.

"యాభై ఎనిమిదా?"

"అవును."

"ఊఁ," అన్నాడు. "చలికి బిగుస్తుందిలే కర్ర."

కూర్చుని గీకాడు. ఆమె యాభై అయిదు అన్నప్పుడు నిజం యాభై రెండు. లాగి చూశాడు. చెయ్యి రెండు వేళ్ళ ఇవతల ఆగింది.

మర్నాడు పొద్దున విల్లు మళ్ళీ బరువెక్కింది. ఆమె యాభై ఎనిమిదంది, ఆయన ఊఁ అన్నాడు. రేకు తీసి గీకాడు. పొట్టు లేచింది, ఆమె ఊడ్చింది. ఒక్కసారి మాత్రం రేకు ఆపి, "వింత కర్ర ఇది. తెల్లారేసరికి పిండిలా ఉబ్బుతోంది," అన్నాడు. లీథా పొయ్యి మీద ఏదో మాడుతున్నట్టు గబగబా బయటికి వెళ్ళిపోయింది. పొయ్యి మీద ఏమీ లేదు. పొయ్యి వెలిగించనే లేదు.

వాళ్ళ లోయంతా ఆ రోజుల్లో పొగమంచు కింద ఉంది. కొండలు పొద్దున లేవడం మానేసి, మధ్యాహ్నానికి ఒక్కొక్కటే బయటికొచ్చేవి. రోజులు ఏది ఏదో తెలిసేవి కావు. ఒక విల్లు, ఒక రేకు, ఒక అబద్ధం, అంతే. లీథాకి భయంగా ఉండేది. తనకి విల్లు చెయ్యడం రాదు. చదవడమే వచ్చు. ఎక్కడ ఆపాలో తప్పితే నలభై రెండేళ్ళ విల్లు పనికిరాని బద్ద అవుతుంది. ఆమె ఆధారం ఒక్కటే, ఆయన మెడ. మెడ సాగినంతకాలం అబద్ధం చెప్పాలి, ఆగిన రోజు నిజం చెప్పాలి.

గీకడం మొదలెట్టిన మూడో రోజు మధ్యాహ్నం హోబర్ట్ ఊడిపడ్డాడు. షెడ్డులోకి వచ్చి, పచ్చగా మెరుస్తున్న విల్లుని చూసి కళ్ళు పెద్దవి చేశాడు.

"పెళ్ళికూతుర్ని చేశావేంటి బావా! ఏదీ, ఇలా ఇయ్యి."

లీథా వద్దనేలోపే అందుకుని లాగాడు. బట్టలారేసే వదులు తాడు లాగినట్టు వచ్చేసింది చెయ్యి, నోటి మూల దాటి చెవిదాకా పోయింది. హోబర్ట్ మొహంలో ఆశ్చర్యం, దాని వెనకే ఒక పెద్ద నవ్వు బయల్దేరాయి. నోరు తెరిచాడు. బావ వెనక నిలబడిన అక్క అతని వంక చూసింది. చిన్నప్పుడు తేనెపట్టు కదిలించినప్పుడు చూసిన చూపు.

హోబర్ట్ నోరు మూశాడు. తాడు మెల్లగా వదిలాడు.

"ఎంతంటావ్?" అనడిగాడు ఆర్విల్.

"గట్టిగానే ఉంది బావా. యాభై... యాభై అయిదుంటుందేమో."

"నీ చేతికి అలాగే ఉంటుందిలే," అన్నాడు ఆర్విల్, విల్లు తీసుకుంటూ.

హోబర్ట్ ఆ రోజు మొక్కజొన్న రొట్టె మూడు ముక్కలు తిని, ఒక్క జోకూ వెయ్యకుండా వెళ్ళాడు. ట్రక్కు ఎక్కుతూ, సాగనంపడానికి వచ్చిన అక్కతో మాత్రం నెమ్మదిగా అన్నాడు: "నీకు నరకం ఖాయం అక్కా."

"నీకు జొన్నపాకం డబ్బా పెట్టాను. సీటు కింద ఉంది, ఒలకబోసుకోకు," అంది లీథా.

నాలుగో రోజు పొద్దున కూడా యాభై ఎనిమిదే అంది. గీకాడు. కాటా నలభై ఆరుకి వచ్చింది, ఆమె యాభై అయిదు అని పలికింది. ఆయన విల్లు దించాడు. షెడ్డు తలుపులో, వెలుతురు వైపు తిరిగి నిలబడి లాగాడు. లీథా ఆయన మెడనే చూసింది. చెయ్యి వెనక్కొచ్చింది. ఇంకా వచ్చింది. మెడ చెక్కిన కర్రలా నిలబడే ఉంది. చెయ్యే వచ్చి నోటి మూలన ఆగింది.

ఐదో రోజు తూకంలో ఆమె నిజంగా మారని అంకెని చూసి, "యాభై అయిదు. ఇవాళ పెరగలేదు," అంది.

"ఇక బిగియదేమో," అన్నాడు ఆర్విల్, రేకుకి నూనె రాసి గూట్లో పెడుతూ.

నవంబరు రెండో వారంలో వెళ్ళారు ఇద్దరూ. అదే వాగు ఒడ్డు. సీడార్ కొమ్మలు గుచ్చి నడుమెత్తు దడి కట్టాడు ఆర్విల్, వెనక రెండు మొద్దులు వేశాడు. నెత్తురు జాడ పట్టడానికి నువ్వు కావాలన్నాడు. ఆ మాట చెప్పకపోయినా ఆమె వచ్చేదే. తను చెప్పిన అబద్ధం ఎవరి ఒంట్లో దిగుతుందో చూడకుండా ఇంట్లో కూర్చోవడం ఆమె వల్ల కాదు.

చీకటి మెల్లగా బూడిద రంగైంది. వాగు మీద పొగమంచు తెల్లటి మరో వాగులా పారుతోంది. రెండు గంటలు కదలకుండా కూర్చుంటే కాళ్ళు తమవి కాకుండా పోతాయి, తర్వాత చేతులు, తర్వాత ఆలోచనలు. లీథాకి తను మెలకువగా ఉందో లేదో తెలియలేదు. ఎక్కడో ఒక ఓక్ కాయ ఆకుల మీద పడింది. చాలాసేపటికి ఇంకోటి. ఆ రెండు చప్పుళ్ళ మధ్య ఒక జీవితం నడిచినట్టనిపించింది. షెడ్డులో పసుపు పొట్టు, కిటికీ అవతల లేడి, తండ్రి కుర్చీ, అన్నీ పొగమంచులోంచి వచ్చి, నిలబడి, పోతున్నాయి. అందుకే వాగు దాటి లేడి వచ్చినప్పుడు అది కూడా అలాంటిదే అనుకుంది. దాని ముక్కులోంచి ఆవిరి వస్తుంటే గానీ నమ్మలేదు.

ఇరవై అడుగుల్లో ఆగి, నీళ్ళ వంక తిరిగింది.

ఆర్విల్ లేచాడు. గంటల చలిలో బిగుసుకున్న ఒళ్ళు. షెడ్డులో లాగడం వేరు, ఇక్కడ లాగడం వేరు. అది అందరికంటే ఆయనకే తెలుసు. లీథా లేడిని చూడలేదు. మొగుడి మెడని చూసింది. ప్రపంచంలో ఇంకేదీ లేనట్టు ఆ ముడతలు పడిన మెడని చూస్తూ, కదలకు, కదలకు అనుకుంది. మెడ కదల్లేదు. చెయ్యి తాపీగా వెనక్కొచ్చి, నోటి మూలన ఆగి, అక్కడ ఒక క్షణం ఉంది.

బాణం చప్పుడు ఆమె వినలేదు. లేడి ఒక్క గెంతు గెంతి, ముప్ఫై అడుగులు పరుగెత్తి, ఏదో మర్చిపోయినట్టు ఆగి, పక్కకి ఒరిగిపోయింది. దడి దగ్గర్నుంచే కనపడింది.

అయినా అరగంట ఆగాలి. పోయే ప్రాణాన్ని తొందరపెట్టకూడదని వాళ్ళ రివాజు. ఆర్విల్ మొద్దు మీద కూర్చుని, విల్లుని ఒళ్ళో అడ్డంగా పెట్టుకున్నాడు. గొంతు తగ్గించి అడిగాడు.

"నిజంగా ఎంత?"

లీథా దగ్గర అబద్ధాలు అయిపోయాయి.

"నలభై ఆరు."

ఆయన తలూపాడు. కోపం కనపడలేదు.

"ఎప్పుడు తెలిసింది నీకు?" అంది.

"రెండో రోజే. పొట్టు నువ్వు ఊడ్చేస్తే మాత్రం, ఎంత గీకానో నా చేతులకి తెలియదూ? నలభై రెండేళ్ళ కర్ర లీథా. అది బిగియాల్సినంత ఎప్పుడో బిగిసింది."

"మరెందుకు గీకావు?"

ఆయన విల్లు పొట్ట మీద బొటనవేలితో రాశాడు.

"నువ్వు ఎక్కడో ఏదో చూస్తున్నావనిపించింది. లాగినప్పుడల్లా నీ కళ్ళు నా మెడ మీదే ఉండేవి. నా మెడ నాకు కనపడదు కదా. ఎక్కడ ఆపాలో నువ్వే చెప్తావులే అని గీకుతూ పోయాను."

అక్కడితో ఊరుకుంటే సుఖంగా ఉండేది. ఆ ఒక్క మాట మీద మిగతా రోజులన్నీ గడిచిపోయేవి. కానీ కిటికీ అవతలి నుంచి చూసిన ఆ చూపు ఆమెని ఊరుకోనివ్వలేదు.

"పోయినేడు కూడా కనపడింది నాకు," అంది. "అంతకు ముందేడు కూడా. మూడేళ్ళు. రోజూ కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. నీకు బాధేస్తుందని చెప్పలేదు. ఆ లేడి... అది నా వల్లే ఆర్విల్."

ఆయన ఆమె వైపు తిరిగాడు. ఈ సంగతి ఆయనకి తెలియదు. మొహం చూస్తే తెలుస్తోంది. ఏడాదిపాటు కుర్చీలో ఒక్కడే మోసిన బరువులో సగం వంటింట్లో ఉందని ఇప్పుడే తెలిసిన మొహం. వాగు పారుతోంది. ఇంకో ఓక్ కాయ పడింది. అరగంట అయిపోయింది, ఇద్దరూ లేవలేదు.

చాలాసేపటికి అన్నాడు, "వచ్చే ఏడు నా మెడ సాగితే, ఆ రోజే చెప్పు."

"చెప్తాను."

"నేను అరుస్తాను."

"తెలుసు. చెప్తాను."

"ఇంకోటి." అన్నాడు. "ఎంత గీకినా చెయ్యి రాని ఏడొకటి వస్తుంది. ఆ ఏడు విల్లు బరువెక్కిందని చెప్పకు లీథా. ఇక వద్దు అని చెప్పు. నువ్వు చెబితే ఆగుతాను. ఇంకెవరు చెప్పినా ఆగను."

లీథా ఏడ్చింది. చప్పుడు లేకుండా, మొహం దాచుకోకుండా ఏడ్చింది. నాలుగు పొద్దుల పాటు నోట్లోంచి అంత తేలిగ్గా అబద్ధం వచ్చింది, ఈ ఒక్క మాట మాత్రం ఒక పట్టాన రాలేదు. ఆర్విల్ తొందరపెట్టలేదు. ఆమె చెయ్యి తన చేతిలోకి తీసుకుని కూర్చున్నాడు.

"చెప్తాను," అంది చివరికి.

ఆయన లేచి, ఆమె లేవడానికి చెయ్యి అందించాడు. ఇద్దరూ లేడి దగ్గరికి నడిచారు.